ఈ జాగ్రత్త ఎవరి కోసం?

ఏటిగట్టు ఎంత ఎత్తు కట్టాలని అడిగితే, "మామూలుగా గోదావరి ఎంత వస్తుందో అంత" అని ఏ ఇరిగేషన్ ఇంజనీరూ చెప్పడు. చెబితే అతనికి ఉద్యోగం ఉండదు, ఉండకూడదు కూడా. ఇప్పటిదాకా వచ్చిన అతి పెద్ద వరద ఎంత, దాన్ని మించి ఇంకెంత రావచ్చు, ఆపైన అలల పోటుకీ గట్టు కుంగడానికీ ఎన్ని అడుగులు వదలాలి, ఇలా నడుస్తుంది మా లెక్క. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల పైచిలుకు నీరు దిగింది. గట్లు తెగి కోనసీమ మునిగింది. ఆ తర్వాత ఆ వరదనే కొలతగా పెట్టుకుని గట్లు ఎత్తు చేసే పని మొదలైంది. పోలవరం స్పిల్‌వే అయితే 50 లక్షల క్యూసెక్కులకు కట్టారు. అంత వరద గోదావరికి వచ్చినట్టు రికార్డు లేదు. రాకపోతే మంచిదే. వస్తే మాత్రం తట్టుకోవాలి.

ఉద్యోగమంతా ఈ లెక్కల్లోనే గడిపినవాణ్ణి. రిటైరయ్యాక భూతాపం మీద ఐపీసీసీ నివేదికలు చదవడం అలవాటైంది. ఆ రచయితలు మాకంటే జాగ్రత్తపరులు. ప్రతి నిర్ధారణ పక్కనా దాని మీద తమకెంత నమ్మకముందో రాసిపెడతారు. అయితే వాళ్ల జాగ్రత్త మా జాగ్రత్తకు సరిగ్గా ఎదురు దిక్కులో నడుస్తుంది. తక్కువ అంచనా వేసి ఊళ్లు ముంచుతామేమోనని మా భయం. ఎక్కువ చెప్పి తప్పుపట్టించుకుంటామేమోనని వాళ్ల భయం. ఏ దేశం ఎంత పొగ తగ్గించుకోవాలో తేల్చుకునే బల్ల దగ్గర ఈ తేడా చాలా పెద్దదవుతుంది. నేను చెప్పదలచుకున్నది దాని గురించే.

ఐపీసీసీ అంటే వాతావరణ మార్పుల మీద ప్రభుత్వాలన్నీ కలిసి పెట్టుకున్న సంఘం. ప్రపంచ వాతావరణ సంస్థ, ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం కలిసి 1988లో దీన్ని ఏర్పాటు చేశాయి. ఇప్పుడు 195 దేశాలకు సభ్యత్వం ఉంది. ఇది సొంతంగా పరిశోధనలు చేయదు. అచ్చయిన పరిశోధనల్ని చదివి, తూకం వేసి, ఆరేడేళ్లకోసారి పెద్ద నివేదిక ఇస్తుంది. 2021లో వచ్చిన ఆరో నివేదిక మొదటి భాగాన్నే తీసుకోండి. 234 మంది రచయితలు 14 వేలకు పైగా పరిశోధన పత్రాలు చూశారు. ముసాయిదాల మీద వచ్చిన వ్యాఖ్యలు 78,007. ఒక్కోదానికీ జవాబు రాయాలి. ఈ పనికి ఐపీసీసీ జీతం ఇవ్వదు. మా ఎస్టిమేట్ల మీద పది కొర్రీలు పడితేనే ఫైలు ఆర్నెల్లు కదిలేది కాదు. వీళ్ల ఓపికకు దండం పెట్టాల్సిందే.

అసలు నివేదిక వేల పేజీలుంటుంది. మంత్రులు, అధికారులు, విలేకరులు చదివేది మాత్రం ముందుండే ముప్పై నలభై పేజీల సారాంశాన్నే. ఈ సారాంశాన్ని దేశాల ప్రతినిధులు కూర్చుని, తెర మీద ఒక్కో వాక్యమే చూస్తూ ఆమోదిస్తారు. ఓటింగ్ ఉండదు, అందరూ ఒప్పుకోవాలి. శాస్త్రానికి విరుద్ధమైన మాట రాయించడం కుదరదు, రచయితలు ఒప్పుకోరు. కానీ ఒక వాక్యాన్ని మెత్తబరచమనీ, ఒక బొమ్మ తీసేయమనీ పట్టుబట్టడానికి మాత్రం ఎవరికైనా వీలుంది.

1995 నవంబరులో మాడ్రిడ్‌లో జరిగింది ఇదే. రెండో నివేదిక సారాంశం ఆమోదానికి వచ్చింది. వాతావరణం మారడంలో మనిషి ప్రమేయం కనబడుతోందా లేదా అన్నది ప్రశ్న. ఆ అధ్యాయానికి ముఖ్య రచయిత అమెరికా శాస్త్రవేత్త బెన్ శాంటర్. చమురు దేశాలైన సౌదీ అరేబియా, కువైట్ ప్రతినిధులు అడుగడుగునా అడ్డుపడ్డారు. చివరికి చర్చంతా ఒక్క విశేషణం దగ్గర చిక్కుకుంది. అప్పటి ఐపీసీసీ అధ్యక్షుడు బెర్ట్ బోలిన్ ఓ మెత్తని మాట సూచించి బండిని ఒడ్డెక్కించాడు. అంత మెత్తగా రాసినా శాంటర్‌ని వదల్లేదు. మరుసటి ఏడాది జూన్‌లో ఫ్రెడరిక్ సైట్జ్ అనే పేరున్న భౌతిక శాస్త్రవేత్త, ఆ అధ్యాయాన్ని అడ్డదారిలో మార్చేశారంటూ వాల్ స్ట్రీట్ జర్నల్‌లో వ్యాసం రాశాడు. మార్పులన్నీ నియమాల ప్రకారమే జరిగాయని ఐపీసీసీ జవాబిచ్చింది. అయినా తర్వాత కలం పట్టినవాళ్లకు అందాల్సిన పాఠం అందింది. ఇందులో పేరుంటే ఇంటికి నిప్పొస్తుందని అర్థమైంది.

అక్కణ్ణుంచి నమ్మకం మెట్టు మెట్టుగా ఎక్కింది. ఇటీవలి భూతాపంలో ఎక్కువ భాగం మన చేతల వల్లే అనడానికి 2001లో 66 శాతానికి పైగా అవకాశం ఉందన్నారు. 2007లో 90 శాతానికి పైగా, 2013లో 95 శాతానికి పైగా అన్నారు. 2021లో ఇక సందేహమే లేదన్నారు. మొదటి నివేదిక వచ్చిన 1990లో గాలిలో ప్రతి పది లక్షల పాళ్లకు 354 పాళ్లున్న కార్బన్ డయాక్సైడ్ ఈలోగా 416 పాళ్లకు చేరింది.

ఆ 1990 నాటి నివేదికను ఇప్పుడు తీసి చూస్తే ఒక విచిత్రం కనబడుతుంది. అందులో రెండు మాటలున్నాయి. ఒకటి: కార్బన్ డయాక్సైడ్ లాంటి దీర్ఘకాలం నిలిచే వాయువుల్ని అప్పటి మోతాదు దగ్గర ఆపాలంటే మనుషుల వల్ల వెలువడే ఉద్గారాల్ని వెంటనే 60 శాతానికి మించి తగ్గించాలి. దీని మీద తమకు గట్టి నమ్మకం ఉందని రాశారు. రెండు: భూతాపం మన వల్లే పెరిగిందని కొలతల్లో తిరుగులేకుండా రుజువు కావడానికి పదేళ్లో అంతకన్నా ఎక్కువో పట్టవచ్చు. మొదటిది పని ఎంతుందో చెప్పింది. రెండోది ఆగడానికి సాకు ఇచ్చింది. ప్రభుత్వాలు ఏది అందుకున్నాయో చెప్పనక్కర్లేదు. 1992లో రియోలో కుదిరిన ఒప్పందం సంపన్న దేశాల్ని కోరింది 2000 నాటికి ఉద్గారాల్ని 1990 స్థాయికి తెచ్చుకోమని మాత్రమే. అది కూడా కచ్చితమైన బాధ్యత కాదు. 1997 క్యోటో ఒప్పందంలో సంపన్న దేశాలకు పెట్టిన లక్ష్యం, అన్నీ కలిపితే, 1990 కంటే 5 శాతం పైచిలుకు తగ్గింపు. దానికీ అమెరికా చేరలేదు. క్యోటో సమావేశానికి ముందే, ఆ జులైలోనే, అమెరికా సెనేట్ 95-0 ఓట్లతో అలాంటి ఒప్పందం వద్దని తీర్మానం చేసిపెట్టుకుంది.

60 అన్నచోట 5 దగ్గర ఆగారు. దీనికి శాస్త్రవేత్తల్ని నిందించడం అన్యాయం. వాళ్లు రెండు మాటలూ నిజమే రాశారు. కానీ "ఇంకా రుజువు కాలేదు" అన్న మాటకు ఎంత బలముంటుందో ఆఫీసుల్లో పనిచేసినవాళ్లకు తెలుసు. ఏ పని వాయిదా వేయాలన్నా ఫైల్లో అలాంటి ఒక్క వాక్యం చాలు.

సముద్ర మట్టం లెక్కల దగ్గర ఇంకాస్త ఆగాలి. మా డెల్టా మనిషికి అక్కడే గుండె పట్టుకుంటుంది.

2001 నివేదిక ఈ శతాబ్దాంతానికి సముద్రం 9 నుంచి 88 సెంటీమీటర్లు పెరుగుతుందన్నది. 2007 నివేదిక పట్టికలో అది 18 నుంచి 59కి వచ్చింది. పైసంఖ్య 88 నుంచి 59కి దిగింది. ప్రమాదం తగ్గిందని కొన్ని పత్రికలు రాసేశాయి. జరిగింది వేరు. ఆ పట్టిక శీర్షికలోనే ఒక షరతు ఉంది: గ్రీన్‌లాండ్, అంటార్కిటికా మంచు పలకలు వేగంగా జారి సముద్రంలో పడటం వల్ల వచ్చే పెరుగుదలను ఇందులో కలపలేదు. ఎందుకు కలపలేదంటే, దాన్ని లెక్కగట్టే నమూనాలు అప్పటికి సిద్ధంగా లేవు. అంటార్కిటికాలో లార్సెన్-బి అనే మంచు పలక 2002లో నెల రోజుల్లో ముక్కలై పోయింది. మూడు వేల చదరపు కిలోమీటర్లకు మించిన పలక అది. దాని వెనకున్న హిమనదాలు ఆ తర్వాత వేగం పుంజుకున్నాయి. కళ్ల ముందు జరిగినా సూత్రంలో ఇమడలేదు కాబట్టి సంఖ్యలోకి రాలేదు. అంతకు మించి పెరగవచ్చని నివేదికలో వేరేచోట రాశారు, కాదనను. అయినా జనంలోకి వెళ్లింది 59 అనే సంఖ్య. షరతు కాగితంలోనే మిగిలింది.

గట్టు డిజైన్‌లో ఇలా చేసినవాడు ఎవడైనా ఉన్నాడా? "శబరి నుంచి వచ్చే నీరు ఎంతో సరిగా తేలలేదు కాబట్టి దాన్ని కలపలేదు, గట్టు ఇంత చాలు" అంటే చీఫ్ ఇంజనీరు ఆ కాగితం మన మొహానే కొడతాడు. తెలియని చోట ఎక్కువ వేసుకోవాలి గానీ సున్నా వేసుకోకూడదు.

2007లోనే అమెరికా శాస్త్రవేత్త జేమ్స్ హాన్సెన్ ఈ సముద్ర మట్టం లెక్కల మీద ఒక వ్యాసం రాశాడు. 1988 జూన్‌లో అమెరికా సెనేట్ కమిటీ ముందు కూర్చుని, భూమి వేడెక్కుతోందని 99 శాతం నమ్మకంతో చెబుతున్నానన్న మనిషి ఆయన. అప్పుడు అంత గట్టిగా చెప్పకుండా ఉండాల్సిందని తోటి శాస్త్రవేత్తలే కొందరు నొచ్చుకున్నారు. 2007 వ్యాసంలో ఆయన వాదన ఇది: మంచు పలకల ప్రమాదం గురించి శాస్త్రవేత్తలు తమలో తాము మాట్లాడుకునే దానికీ బయటికి రాసేదానికీ పొంతన లేదు. ఈ సంకోచం వల్ల ప్రపంచం నష్టపోతుంది.

2013లో నయోమి ఓరెస్కెస్, మైఖేల్ ఒపెన్‌హైమర్, మరో ఇద్దరు పరిశోధకులు కలిసి పాత అంచనాల్నీ, ఆ తర్వాత నిజంగా జరిగినదాన్నీ పక్కపక్కన పెట్టి చూశారు. శాస్త్రవేత్తలు భయపెట్టేవాళ్లన్న ఆరోపణకు ఆధారం దొరకలేదు. తప్పు జరిగినచోట ఎక్కువగా తక్కువ చెప్పే వైపే జరిగిందని తేలింది. ఆర్కిటిక్ సముద్రపు మంచు నమూనాలు చెప్పినదానికంటే వేగంగా కరగడం అందరికీ తెలిసిన ఉదాహరణ. కారణం కుట్ర కాదు, వృత్తి మర్యాద. ఆవేశపడకుండా, సంయమనంగా, నాటకీయత లేకుండా కనబడాలన్న కోరిక.

సముద్ర మట్టం సంఖ్య ఆ తర్వాత మళ్లీ పెరుగుతూ వచ్చింది. ఉద్గారాలు బాగా పెరిగితే 2100 నాటికి 98 సెంటీమీటర్ల దాకా అని 2013లో అన్నారు. 2021లో 101 అన్నారు. మంచు పలకలు అనుకోని రీతిలో కూలితే దాదాపు రెండు మీటర్ల మాట కూడా కొట్టిపారేయలేమని చేర్చారు. కొలతల ప్రాతిపదికలు ఒక్కో నివేదికకూ కాస్త మారతాయి, అది మనసులో పెట్టుకోవాలి. అయినా 59 దగ్గర మొదలైన అధికారి చేతిలో ఇప్పుడు రెండు మీటర్ల కాగితం ఉంది. ఈ మధ్యలో గడిచింది పద్నాలుగేళ్లు. ఆ పద్నాలుగేళ్లలో తీరాల్లో ఎన్ని రేవులు, రోడ్లు, కాలనీలు వెలిశాయో ఆలోచించండి.

ఇక్కడ రెండో వైపు కూడా చెప్పాలి. ఐపీసీసీ ఎక్కువ చెప్పి పరువు పోగొట్టుకున్న సందర్భం ఒకటుంది, అది మన హిమాలయాల గురించే. 2007 నివేదిక రెండో భాగంలో, ఆసియా అధ్యాయంలో, హిమాలయ హిమనదాలు 2035 కల్లా మాయమయ్యే అవకాశం చాలా ఎక్కువని రాశారు. దానికి పరిశోధన ఆధారం లేదు. ఒక పర్యావరణ సంస్థ నివేదిక నుంచి, దానికి ముందు ఒక పత్రికా కథనం నుంచి దొర్లుకుంటూ వచ్చిన మాట. 2009 నవంబరులో కేంద్ర పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ భూగర్భ శాస్త్రవేత్త వి.కె. రైనా రాసిన చర్చాపత్రం విడుదల చేశారు. హిమనదాలు అంత వేగంగా కరుగుతున్నాయనడానికి రుజువు లేదన్నది దాని సారం. ఐపీసీసీ అధ్యక్షుడు ఆర్.కె. పచౌరీ దాన్ని మంత్రగాళ్ల శాస్త్రం అన్నట్టు తీసిపారేశారు. మూడు నెలలు తిరక్కుండానే, 2010 జనవరిలో, ఆ 2035 వాక్యం సరికాదని ఐపీసీసీ స్వయంగా విచారం ప్రకటించింది. ఆ ఏడాదే ప్రపంచ శాస్త్ర అకాడెమీల మండలి విచారణ చేసి పద్ధతులు బిగించమంది. బిగించారు, మంచిదే.

కానీ లెక్క చూడండి. పెద్ద పుస్తకంలో ఎక్కడో ఒకచోట ఎక్కువ చెప్పినందుకు విచారణ, క్షమాపణ, ఏళ్ల తరబడి ఎగతాళి. సముద్ర మట్టాన్ని తక్కువగా చూపిన పట్టిక మీద ఏ విచారణా లేదు. ఎక్కువ చెబితే శిక్ష, తక్కువ చెబితే ఏమీ లేదు. ఏ మనిషైనా అలాంటి చోట ఏం చేస్తాడు? మా వృత్తిలో ఇది తిరగబడి ఉంటుంది. గట్టు ఎత్తు ఎక్కువైతే ఆడిట్ అభ్యంతరం. తక్కువైతే శవాలు, విచారణ కమిషన్. 2009 అక్టోబరులో శ్రీశైలానికి, కట్టినప్పుడు అనుకున్న వరదను మించి నీరొచ్చి, కర్నూలు మునిగినప్పుడు మా వాళ్లందరికీ కొన్నాళ్లు నిద్రలేదు. మమ్మల్ని ఎక్కువ వైపు నెట్టేది మంచితనమేమీ కాదు, ఆ భయమే.

సూటిగా ఒక సంఖ్య చెబితే ఏం జరుగుతుందో 2018లో తేలింది. పారిస్‌లో 2015లో చిన్న ద్వీపదేశాలు పట్టుబట్టడంతో, భూతాపాన్ని 1.5 డిగ్రీల దగ్గర ఆపే ప్రయత్నం చేయాలన్న మాట ఒప్పందంలోకి ఎక్కింది. దాని మీద ప్రత్యేక నివేదిక ఇవ్వమని దేశాలే ఐపీసీసీని కోరాయి. 2018 అక్టోబరులో దక్షిణ కొరియాలోని ఇంచియాన్‌లో ఆమోదం పొందింది. 1.5 దగ్గర ఆగాలంటే 2010తో పోలిస్తే 2030కి కార్బన్ డయాక్సైడ్ దాదాపు 45 శాతం తగ్గాలి, 2050 ప్రాంతానికి నికరంగా సున్నా కావాలి. ఇది సులువుగా నోట పలికే లెక్క. అర డిగ్రీ తేడాకు ఏం పోతుందో కూడా చెప్పారు. 1.5 డిగ్రీల దగ్గర పగడపు దిబ్బల్లో 70 నుంచి 90 శాతం పోతాయి, 2 డిగ్రీల దగ్గర 99 శాతానికి పైగా పోతాయి.

ఆ డిసెంబరులో పోలండ్‌లోని కటోవిత్సేలో జరిగిన వాతావరణ సదస్సులో ఈ నివేదికను స్వాగతించడానికి అమెరికా, రష్యా, సౌదీ అరేబియా, కువైట్ ఒప్పుకోలేదు. అడిగి రాయించుకున్న నివేదిక అది. అయినా సంఖ్య బయటికొచ్చేసింది. అంతకు ముందు 2050కి 80 శాతం తగ్గింపు చట్టం చేసుకున్న బ్రిటన్, తన సలహా సంఘాన్ని మళ్లీ లెక్కచూడమని కోరి, 2019 జూన్‌లో దాన్ని నూరు శాతానికి, అంటే నికర సున్నాకి మార్చింది. ఐరోపా సమాఖ్య అదే దారి పట్టింది. బడి పిల్లలు ప్లకార్డుల మీద రాసుకున్నారు. 2021 నవంబరులో గ్లాస్గోలో మన ప్రధాని 2070 నికర సున్నా లక్ష్యం ప్రకటించారు. అది ఆలస్యమని కొందరు, మనకు ఉన్న పరిస్థితికి ఎక్కువే అని కొందరు అన్నారు. కానీ ఆ భాషే 2018కి ముందు మన విధానాల్లో లేదు.

అయితే ఆ నికర సున్నా లక్ష్యాల అడుగున ఉన్న లెక్కలో కూడా ఆ జాగ్రత్తే దాగి ఉంది. 1.5 డిగ్రీలు దాటకుండా ప్రపంచం ఇంకా ఎంత కార్బన్ డయాక్సైడ్ వదలవచ్చో దాన్ని కార్బన్ బడ్జెట్ అంటారు. ఆరో నివేదిక ప్రకారం 2020 మొదటి నుంచి లెక్కిస్తే, గట్టెక్కే అవకాశం సగానికి సగం చాలనుకుంటే 50 వేల కోట్ల టన్నులు. మూడింట రెండొంతుల అవకాశం కావాలంటే 40 వేల కోట్ల టన్నులు. 83 శాతం కావాలంటే 30 వేల కోట్లే. ప్రపంచం ఏడాదికి వదిలేది 4 వేల కోట్ల టన్నులు. 2025 ముగిసేసరికి ఆ మూడో బడ్జెట్‌లో ఏడాదిన్నర ఖర్చుకు సరిపడా మాత్రమే మిగిలింది. తర్వాత వచ్చిన లెక్కలు దాన్ని ఇంకా కుదించాయి. 2024 ఒక్క ఏడాదిని విడిగా తీసుకుంటే సగటు 1.5 డిగ్రీలను దాటేసిందని ప్రపంచ వాతావరణ సంస్థ ప్రకటించింది.

ఈ మూడింటిలో ఏది ఎంచుకోవాలన్నది శాస్త్రం చెప్పదు. ఎంత ప్రమాదం భరిస్తావన్నది మనిషి తేల్చుకోవాలి. కానీ వార్తల్లో, ప్రసంగాల్లో ఎక్కువగా తిరిగేది మొదటిదే. తెగడానికి సగం అవకాశం ఉన్న గట్టు డిజైన్ మీద నేను సంతకం పెట్టను. ఎవరూ పెట్టరు. భూగోళం విషయంలో మాత్రం అది "ప్రతిష్ఠాత్మక లక్ష్యం" అనిపించుకుంటోంది.

ఉద్గారాల్ని ఎలా తగ్గించాలో చెప్పే ఐపీసీసీ నివేదికల మూడో భాగంలో ఈ జాగ్రత్తకు ఇంకో రూపం ఉంది. ఆ దారులు గీసేది కంప్యూటర్ నమూనాలు. ఇవాళ్టి ఆర్థిక వ్యవస్థను పెద్దగా కదపకుండా, ఖర్చు తక్కువయ్యే దారి వెతకడం వాటి పద్ధతి. ఫలితంగా వాటిలో చాలా దారులు ఇప్పుడు తగ్గించాల్సిన భారాన్ని తర్వాతి తరానికి తోస్తాయి. ఇంధన పంటలు పండించి, కాల్చి కరెంటు తీసి, ఆ పొగలోని కార్బన్ డయాక్సైడ్‌ను పట్టి భూమిలో పాతిపెడతామంటాయి. 2018 నివేదికలోని దారుల్లో ఈ పంటలకు అదనంగా కావాల్సిన భూమి సున్నా నుంచి 60 లక్షల చదరపు కిలోమీటర్ల దాకా ఉంది. మన దేశం మొత్తం 33 లక్షలు. ఎవరి పొలాల్లో వేస్తారో నమూనా చెప్పదు. కెవిన్ ఆండర్సన్, గ్లెన్ పీటర్స్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 2016లోనే సైన్స్ పత్రికలో దీన్ని తప్పుపట్టారు. ఇంకా పెద్దఎత్తున రుజువు కాని యంత్రాలను నమ్ముకుని ఇవాళ్టి పని తగ్గించుకోవడం జూదమన్నది వాళ్ల వాదన. నాకు ఆ మాట సబబుగానే తోచింది. మంచు పలకల వేగం తెలియదని లెక్కలోంచి తీసేశారు. ఈ యంత్రాల సంగతీ తెలియదు, అయినా లెక్కలో కలిపేశారు. తెలియనితనం రెండుచోట్లా ఉంది. లాభం మాత్రం రెండుచోట్లా వాయిదాకే.

ఐపీసీసీ సారాంశాల్ని కత్తిరించేది చమురు దేశాలే అనుకుంటే పొరపాటు. 2014 ఏప్రిల్‌లో బెర్లిన్‌లో, దేశాల్ని ఆదాయాన్ని బట్టి విడదీసి ఉద్గారాలు ఎవరివి ఎంత పెరిగాయో చూపే బొమ్మలు సారాంశం నుంచి తొలగిపోయాయి. వాటిని అభ్యంతరపెట్టింది మనలాంటి అభివృద్ధి చెందుతున్న దేశాలే. రేపు బేరసారాల్లో ఆ బొమ్మల్ని చూపించి బాధ్యత మన నెత్తిన వేస్తారన్న భయం. ఆ భయానికి కారణం లేకపోలేదు. 1850 నుంచి 2019 దాకా ప్రపంచం వదిలిన కార్బన్ డయాక్సైడ్‌లో దక్షిణాసియా మొత్తం వాటా 4 శాతం. ఉత్తర అమెరికా వాటా 23 శాతం. అయినా బొమ్మ తీసేస్తే నిజం పోదు. వేల పేజీల లోపల అది అలాగే ఉంది. చదివేవాళ్లే తగ్గారు.

జాగ్రత్త ఇంకో వైపు కూడా తప్పింది, ఇది కాస్త సంతోషించదగ్గ తప్పు. సౌర విద్యుత్తు ఇంత చవకవుతుందని, ఇంత వేగంగా విస్తరిస్తుందని అంచనా వేసే పెద్ద సంస్థలు నమ్మలేదు. 2010 నుంచి 2019 మధ్య దాని ఖర్చు 85 శాతం పడిపోయిందని 2022లో ఐపీసీసీయే రాసింది. మన దేశంలో 2010లో సౌర మిషన్ మొదలైనప్పుడు 2022కి 20 గిగావాట్లు అన్నారు. 2015లో దాన్ని 100కి పెంచారు, అప్పుడు నవ్వినవాళ్లున్నారు. 2022కి అందలేదు గానీ 2025 జనవరిలో ఆ 100 దాటింది. స్థాపిత విద్యుత్తు సామర్థ్యంలో శిలాజేతర వాటా 2030కి సగం కావాలన్న లక్ష్యాన్ని 2025 మధ్యలోనే అందుకున్నాం. వాడే కరెంటులో బొగ్గు వాటా ఇంకా నాలుగింట మూడొంతుల దాకా ఉందన్నది మరిచిపోకూడదు. కానీ ముందే ధైర్యం చేసి పెద్ద సంఖ్య రాసుకుని ఉంటే ఈ మార్పు ఇంకా ముందే మొదలయ్యేదని నా నమ్మకం.

ఇదంతా ఎక్కడో జెనీవాలో, బెర్లిన్‌లో తేలే విషయమని ఊరుకోవడానికి లేదు. గోదావరి, కృష్ణా డెల్టాలు కుంగుతున్నాయి. పైనున్న ఆనకట్టల వెనక ఒండ్రు ఆగిపోవడం దానికి ముఖ్య కారణం. ఆ ఆనకట్టలు మా వృత్తివాళ్లు కట్టినవే. కుంగే నేలకు సముద్రం ఇంకాస్త ఎక్కువ పెరిగినట్టే లెక్క, ప్రపంచ సగటు సంఖ్య అక్కడ చాలదు. ఉప్పాడ దగ్గర తీరం దశాబ్దాలుగా కోసుకుపోతోంది. దానికి సముద్ర మట్టం ఒక్కటే కారణం కాదు, ఇసుక కదలికల్లో వచ్చిన మార్పులూ ఉన్నాయి. కానీ రేపు సముద్రం పెరిగితే మొదట దెబ్బతినేది ఇలాంటి చోట్లే. 1901 నుంచి 2018 లోపు ప్రపంచ సముద్ర మట్టం 20 సెంటీమీటర్లు పెరిగింది. గత శతాబ్దం మొదటి డెబ్భై ఏళ్లలో ఏడాదికి 1.3 మిల్లీమీటర్లున్న వేగం 2006-2018 మధ్య 3.7 మిల్లీమీటర్లకు చేరింది.

శాస్త్రవేత్తలు అతిశయోక్తులు రాయాలని నేననను. 2035 తప్పు మళ్లీ జరగకూడదు. నేను కోరేది వేరు. ఏది ఎక్కువగా జరిగే అవకాశం ఉందో చెబుతూనే, అంతకు మించి వచ్చేది ఎంత ఉండవచ్చో పక్కనే అంతే పెద్ద అక్షరాల్లో రాయాలి. లెక్కలో కలపనిది ఏమిటో షరతుగా వదిలేయకుండా మొదటి వరుసలో పెట్టాలి. ఆరో నివేదిక ఈ దారిలో కొంత నడిచింది, రెండు మీటర్ల మాట చెప్పడం అందులో భాగమే. ఏడో నివేదిక పని ఇప్పుడు జరుగుతోంది. దేశాల లక్ష్యాల మీద రెండో ప్రపంచ సమీక్ష 2028లో ఉంది. ఆ లోపు నివేదికలు రావాలా వద్దా అన్న దాని మీదే దేశాలు తగువు పడుతున్నాయి. 2025 ఫిబ్రవరిలో చైనాలోని హాంగ్‌చౌలో కూర్చున్నా తేదీలు తేలలేదు. సమీక్షకు ముందు నివేదిక రాకపోతే లక్ష్యాలు పాత లెక్కల మీదే నిలుస్తాయి.

మీ మండలంలో తీరం వెంట రేవో, రోడ్డో, పరిశ్రమో వస్తుందని ప్రజాభిప్రాయ సేకరణ పెట్టినప్పుడు వెళ్లండి. ఉద్యోగాల గురించి, పరిహారం గురించి ఎలాగూ అడుగుతారు. ఇంకో రెండు ప్రశ్నలు అడగండి. సముద్ర మట్టానికి ఏ నివేదికలోని ఏ సంఖ్య వేసుకున్నారు? అందులో నేల కుంగడాన్ని కలిపారా? జవాబును రాతపూర్వకంగా మినిట్స్‌లో ఎక్కించమనండి.